డబ్ల్యూ-4లో (జీతంలో ఎంత టాక్స్ పట్టుకోవాలో కంపెనీకి రాసిచ్చే ఫారం) టాక్స్ ఎక్కువ కట్ చేయించుకుని రిఫండ్ తెచ్చుకోవాలా, లెక్కకి సరిపడా కట్ చేయిస్తే చాలా?

ఫ్రిస్కో_శీను:
మా ఇంట్లో రెండు వారాల్నుంచి ఇదే గొడవ, మీరన్నా తేల్చండి. ఇక్కడ అమెరికాలో 2024లో నా జీతం లక్ష డాలర్లు, మా ఆవిడ హెచ్-4 ఈఏడీ (హెచ్-1బీ వాళ్ల భార్య/భర్తకిచ్చే వర్క్ పర్మిట్) మీద జులైలో ఉద్యోగంలో చేరింది, తనదీ ఏడాదికి లక్ష లెక్కే. ఇద్దరం డబ్ల్యూ-4లో మ్యారీడ్ ఫైలింగ్ జాయింట్లీ (మొగుడూపెళ్లాలకి కలిపి ఒకటే రిటర్న్) టిక్ పెట్టేసి సంతకం చేసి హెచ్ఆర్‌కి ఇచ్చేశాం, ఇద్దరూ ఉద్యోగం చేస్తుంటే నింపాల్సిన స్టెప్ 2 చదివిన పాపాన పోలేదు. 2025 ఏప్రిల్లో చూస్తే రిఫండ్ సంగతి దేవుడెరుగు, 4,600 చిల్లర ఎదురు కట్టాం. ఇప్పుడు తనేమో 4(సి)లో జీతం చెక్కుకి ఇంకో 150 ఎక్కువ పట్టుకోమని రాద్దాం అంటది, నేనేమో మన డబ్బు గవర్నమెంట్ దగ్గర ఎందుకు అంటా.

లెక్కల_మాస్టారు:
శీను గారూ, ముందు తప్పెక్కడో చూడండి. ఉత్త జాయింట్లీ అని పెడితే మీ పేరోల్ వాళ్లు ఈ ఇంటికి ఈ ఒక్క జీతమే అనుకుని స్టాండర్డ్ డిడక్షన్ (జీతంలో టాక్స్ పడని భాగం), 2024కి 29,200, మొత్తం మీకే ఇచ్చేస్తారు, ఆవిడ పేరోల్ వాళ్లూ అంతే చేస్తారు. రిటర్న్‌లో ఉండేది ఒక్క డిడక్షనే కదా. ఇద్దరికీ పన్నెండు నెలల జీతం వచ్చుంటే 11,600 దాకా కట్టేవాళ్లు. ఇద్దరూ 2(సి) గడిలో (ఇంట్లో రెండు ఉద్యోగాలున్నాయని చెప్పే గడి) టిక్ పెట్టండి, ఒక్కొక్కరికి నెలకి 480 చిల్లర చెక్కు తగ్గుద్ది, అంతే. జీతాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఇది, బాగా తేడా ఉంటే అవసరానికి మించి పట్టేస్తారు. పోయినేడు మీకు పెనాల్టీ పడలేదంటే 2023 టాక్స్ మొత్తం కంటే 2024లో ఎక్కువే కట్ అయింది కాబట్టి. ఈసారి ఇలాగే వదిలేస్తే అదీ పడుద్ది.

చిట్టీపాట:
మీ ఆవిడ చెప్పిందే రైటు. గవర్నమెంట్‌కి వడ్డీ లేని అప్పు, వడ్డీ లేని అప్పు అని అందరూ పాడే పాటే, ఎవరన్నా లెక్కేశారా? చెక్కుకి 150 అంటే ఏడాదికి 26 చెక్కులకి 3,900, అది 4 పర్సెంట్ సేవింగ్స్‌లో వేసుకుంటూ పోయినా డిసెంబర్‌కి 80 డాలర్లు రాదు, ఆ 80 కోసం ఏప్రిల్ దాకా గుండె చేత్తో పట్టుకుని కూర్చోవాలా. చేతిలో ఉంటే కాస్ట్‌కోలో పోద్ది. మేం ప్రతి ఏడాదీ రిఫండ్‌తోనే ఇండియా టికెట్లు కొంటాం.

యాభైరెండో_రోజు:
అక్కా, ఉద్యోగం ఎప్పుడూ ఉంటదనుకుని చెప్తున్నావ్. నాకు అక్టోబర్‌లో లేఆఫ్, హెచ్-1బీ వీసాకి ఇంకో ఉద్యోగం వెతుక్కోడానికి 60 రోజులు, అదృష్టం బాగుండి 52వ రోజు ఇంకోటి దొరికింది. ఆ టైమ్‌లో రెంటు 2,100, నేను తెలివిగా ఎక్స్‌ట్రా కట్ చేయించుకున్న 3 వేలేమో ఐఆర్ఎస్ (టాక్స్ ఆఫీసు) దగ్గర, ఫిబ్రవరి ఆఖరుకి గానీ చేతికి రాలేదు. నవంబర్‌లో అవి ఉండుంటే మా బావ దగ్గర చెయ్యి చాచేవాణ్ణి కాదు. వడ్డీ సంగతి కాదక్కా ఇది.

చిట్టీపాట:
అయ్యో తమ్ముడూ, అది ఒప్పుకుంటా. కానీ నిజం చెప్పు, నీ చేతికిస్తే అక్టోబర్ దాకా ఉండేదా?

యాభైరెండో_రోజు:
సగం ఉండేది 😅

ఓపీటీ_కుర్రోడు:
మధ్యలో ఒక డౌట్, నేను ఓపీటీ మీద (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే చేసే ఉద్యోగం) ఉన్నా, మా సీనియర్లు డబ్ల్యూ-4లో ఎగ్జెంప్ట్ (టాక్స్ అసలు పట్టొద్దు) అని రాసెయ్ అంటున్నారు, రాయొచ్చా

లెక్కల_మాస్టారు:
రాయకు నాయనా. ఎగ్జెంప్ట్ అంటే పోయినేడు టాక్స్ సున్నా ఉండాలి, ఈ ఏడూ సున్నానే అవ్వాలి, ఫుల్‌టైమ్ జీతానికి అది కుదిరేది కాదు. వాళ్లు దీంతో కలిపేస్తున్నది జీతంలోంచి విడిగా కట్ అయ్యే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ 7.65 శాతం సంగతి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకి మామూలుగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాలు అది కట్ అవ్వదు, దానికీ డబ్ల్యూ-4కీ సంబంధం లేదు. ఆ ఐదేళ్లూ టాక్స్ లెక్కకి నాన్ రెసిడెంట్‌వి కాబట్టి పెళ్లయినా జాయింట్లీ మాత్రం పెట్టకు.

ఫ్రిస్కో_శీను:
ఇద్దరం 2(సి) టిక్ పెట్టేశాం. 4(సి) దగ్గర బేరమాడి బేరమాడి మా ఆవిడ 150 నుంచి 40కి దిగింది. థ్రెడ్ అంతా చదివి, రిఫండ్ వచ్చేసరికి మార్చి అవుద్దిగా, అప్పటికి సమ్మర్ టికెట్ల రేట్లు పెరిగిపోవట్లేదా అని చిట్టీపాట గారిని అడగమంటోంది.