2023 డ్యూరాండ్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్ పూర్తి మ్యాచ్ ఎక్కడ దొరుకుతుందండీ?

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు ఖరగ్‌పూర్ రైల్వేలో పనిచేసి వచ్చారు, అక్కడే ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది, ఈస్ట్ బెంగాల్ అంటే ప్రాణం. ఆ క్లబ్ గెలిస్తే వాళ్ల అభిమానులు ఇలిష్ వండుకుంటారట, అంటే మన పులసే, అందుకే మోహన్ బగాన్‌తో ఈ ఫైనల్ ఉన్న ఆ సెప్టెంబర్ 3న నాన్నగారు పొద్దున్నే పులస తెప్పించి పులుసు పెట్టించారు. తీరా మ్యాచ్ మొదలయ్యే వేళకి కరెంటు పోయింది, మళ్లీ రాత్రికి గానీ రాలేదు. మోహన్ బగాన్ 1-0తో గెలిచిందని తెలిసి ఆయన సరిగ్గా తిననే లేదు.

ఇప్పుడు ఆరోగ్యం బాలేదు, ఆ ఆట మొత్తం ఒక్కసారి చూడాలంటున్నారు. నాకు దొరికినవన్నీ ముక్కలే. అనిరుధ్ థాపాకి రెడ్ కార్డ్ వచ్చి మోహన్ బగాన్ పది మందితో ఆడుతుంటే 71వ నిమిషంలో పెట్రాటోస్ కొట్టిన గోల్, అంతే. పది మంది మీద మనవాళ్లు ఎందుకు గోల్ వేయలేకపోయారన్నదే ఆయన బాధ, అది ముక్కల్లో కనపడదు కదా.

90 నిమిషాల వీడియో ఎక్కడుందో తెలిస్తే చెప్పండి, డబ్బు కట్టాల్సినదైనా పర్లేదు. కామెంటరీ బెంగాలీలో ఉంటే ఇంకా మంచిది, నాన్నగారికి బాగా వచ్చు.