అప్‌డేట్: పాత ట్రక్కులో ఛార్జింగ్ సమస్య తీరింది

హెడ్‌లైట్లు వేయగానే ఇంజిన్ టెంపరేచర్ మీటర్ ముల్లు ఎరుపులోకి పోతోందని, బ్యాటరీ దిగిపోతోందని అడిగాను కదా, కారణం దొరికింది. టెంపరేచర్ సెన్సర్ మార్చినా ఫలితం లేదు. ఆల్టర్నేటర్ (బ్యాటరీని ఛార్జ్ చేసేది) దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర మాత్రం 12.7! అంటే మధ్యలో ఎక్కడో వోల్టేజ్ పోతోంది. ఇంజిన్ నడుస్తుండగా, లైట్లు వేసి, వోల్ట్ మీటర్ ఒక కొన ఇంజిన్ బ్లాక్‌కి, రెండోది బ్యాటరీ నెగటివ్‌కి పెడితే 1.4 వోల్టులు వచ్చింది. అక్కడ 0.2 దాటకూడదు. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి (బండి ఫ్రేమ్‌కి) వెళ్లే ఎర్త్ పట్టీ, అంటే కరెంట్ తిరిగి వెళ్లే దారి, లోపల పచ్చగా చిలుము పట్టి ఉంది. పైకి బాగానే కనిపించేది, అందుకే ఇన్నాళ్లూ అనుమానం రాలేదు. సెన్సర్‌కీ ఎర్త్ ఇంజిన్ బ్లాకే కాబట్టి ముల్లు తప్పు చూపించింది. విజయవాడ ఆటోనగర్‌లో మందమైన పట్టీ కొని, పెయింట్ గీకి బిగించాను. ఇప్పుడు బ్యాటరీ దగ్గర 14.1, లైట్లు వేసినా ముల్లు ఎరుపులోకి పోవడం లేదు. ముందు ఎర్త్ చూడమని చెప్పిన అన్నకి చాలా థ్యాంక్స్.