జెరూసలేం వార్తలలో ఎవరిది చరిత్ర, ఎవరిది విశ్వాసం?

పాత పాఠకుడు:
జెరూసలేం పాత నగరంలోని ఆ ఎత్తైన ఆవరణను యూదులు దేవాలయ పర్వతమనీ, ముస్లింలు హరమ్ అల్ షరీఫ్ అనీ అంటారు. అక్కడ ఘర్షణ జరిగిన ప్రతిసారీ మసీదు సంగతి ఉన్నదున్నట్టు చెప్పి, యూదుల ఆలయం దగ్గరికి వచ్చేసరికి ‘ఉండేదని యూదులు విశ్వసిస్తారు’ అని రాసే వార్తలపై నా అభ్యంతరం. రోమన్లు క్రీ.శ. 70లో కూల్చిన ఆలయం మతగ్రంథాలకే పరిమితమైనది కాదు. అన్యులెవరూ ఈ అడ్డుగోడ దాటరాదనీ, దాటి పట్టుబడినవాడి చావుకు వాడే బాధ్యుడనీ గ్రీకులో చెక్కిన ఆ ఆలయపు హెచ్చరిక రాయి 1871లో దొరికింది. ఇప్పుడది ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. అయినా న్యూయార్క్ టైమ్స్ 2015 అక్టోబరులో, ఆలయాలు అక్కడ ఉండేవా అన్నదే తేలని విషయమన్నట్టు రాసి, అసలు ప్రశ్న ఆవరణలో సరిగ్గా ఏ చోట అన్నదేనని తరువాత సవరించుకోవలసి వచ్చింది.

చరిత్ర విద్యార్థి:
మీ ఉదాహరణతో నాకు పేచీ లేదు, మీ తీర్పుతోనే ఉంది. పక్షపాతం రాసినదానిలో కంటే రాయకుండా వదిలినదానిలో ఎక్కువ. ఆ ఎత్తైన ఆవరణకు పడమటి వైపున్న, యూదులు పవిత్రంగా భావించే పశ్చిమ గోడ ముందు వేలమంది ప్రార్థించే విశాలమైన ఆవరణను వర్ణించే కథనాలలో, 1967 జూన్‌లో అక్కడి మొరాకో వారి పేటను నేలమట్టం చేసి ఆ ఖాళీ సృష్టించారన్న ముక్క ఎన్నింటిలో కనిపిస్తుంది? పైనున్న ఆవరణ నిర్వహణ జోర్డాన్ ఆధ్వర్యంలోని వక్ఫ్ అనే ముస్లిం ధార్మిక సంస్థదనీ, ముస్లిమేతరులు చూడవచ్చు గాని ప్రార్థించరాదన్నది ఆ ఏటి నుంచీ ఉన్న ఏర్పాటనీ చెప్పకుండా ‘ఇజ్రాయెల్ మంత్రి సందర్శన’ అని ముక్తసరిగా రాస్తే, పాలస్తీనీయుల ఆగ్రహం అకారణంగా కనిపించదా?

పాత పాఠకుడు:
కనిపిస్తుంది, కాదనను. కానీ ఆ ఏర్పాటు యూదులను వారి అత్యంత పవిత్ర స్థలంలోనే ప్రార్థించనివ్వదన్నది కూడా అదే వాక్యంలో రావాలి. ముహమ్మద్ ప్రవక్త స్వర్గానికి వెళ్లిన మేరాజ్ యాత్రనూ, అబ్రాహాము తన కుమారుణ్ని బలి ఇవ్వబోయిన ప్రయత్నాన్నీ విశ్వాసాలుగా రాయండి. యూదయ రాజు హేరోదు పునర్నిర్మించిన ఆలయాన్నీ, 7వ శతాబ్దం చివర ఖలీఫా అబ్దుల్ మలిక్ కట్టించిన బంగారు గోపురపు కట్టడాన్నీ చరిత్రగానే రాయండి. 2016 యునెస్కో తీర్మానం ఆ ఆవరణకు ముస్లింల పేరొక్కటే వాడింది. పత్రికల కంటే అదే పెద్ద తప్పు.

చరిత్ర విద్యార్థి:
పేరు విషయం నిజమే, అది సమర్థించరానిది. అయితే పాత నగరం మూడు మతాలకూ ముఖ్యమైనదని అదే తీర్మానంలో ఉంది. ఆ మాట ఎత్తకుండా, యూదుల సంబంధాన్నే యునెస్కో తోసిపుచ్చిందని శీర్షికలు పెట్టిన పత్రికలను మీ జాబితాలో ఎందుకు చేర్చలేదు?