ఒక్క కిడ్నీ ఉన్న పాపను కబడ్డీకి పంపొచ్చా?

పూతలపట్టు నాన్న:
మా పాపకు పదిహేడేళ్లు. చిత్తూరులో ఇంటర్ రెండో ఏడు. ఆరేళ్లుగా కబడ్డీ ఆడుతోంది, లెఫ్ట్ కార్నర్. పోయిన నెల కడుపునొప్పి అంటే స్కానింగ్ తీయించాం. కుడి కిడ్నీ అసలు లేదని తేలింది, పుట్టుకతోనే లేదట. ఉన్న ఒక్కటి కాస్త పెద్దగా పెరిగి రెండింటి పనీ చేస్తోంది. బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ అన్నీ నార్మల్. మొదట చూసిన డాక్టరు చీటీ మీద "ఆటలు బంద్" అని రాసిచ్చేశారు. తిరుపతిలో చూపించిన కిడ్నీ డాక్టరేమో, "నేను ఆడొద్దని గట్టిగా చెప్పను, ఆడమనీ చెప్పను. ప్రమాదం తెలుసుకుని మీరే తేల్చుకోండి" అన్నారు. మూడు వారాల్లో జూనియర్ జిల్లా సెలక్షన్లు. ఫిట్‌నెస్ ఫారం టీవీ పక్కన పడుంది, సంతకం పెట్టలేదు. వాళ్ల అవ్వ కాణిపాకం తీసుకెళ్లి ఇక ఆడనని పాప చేత ప్రమాణం చేయిస్తానంటోంది. మీరైతే ఏం చేస్తారు?

తోతాపురి:
ఇందులో ఆలోచించేదేముంది అన్నా? రెండుంటే ఒకటి పోయినా బతుకుతాం. ఉన్నదే ఒకటి. రన్నింగ్ ఉంది, బ్యాడ్మింటన్ ఉంది, ఏదో ఒకటి ఆడుకోమనండి. రేపు ఏదైనా అయితే వారానికి మూడు రోజులు డయాలసిస్ బెడ్ పక్కన కూర్చునేది మీరు, సెలక్షన్ కమిటీ కాదు.

మెసానికల్ గ్రౌండ్ పాతకాపు:
ఆరేళ్లు మ్యాట్ మీద పెరిగిన పిల్లను బ్యాడ్మింటన్ ఆడుకోమనడం సులభమే అబ్బా. ఆటలో దెబ్బలు ఎవరికి తగల్లేదు? ప్రో కబడ్డీలో స్టార్ రైడర్ పవన్ సెహ్రావత్‌ను 2022లో తమిళ్ తలైవాస్ 2.26 కోట్లకు కొన్నారు. మొదటి మ్యాచ్‌లోనే మోకాలు పోయింది, ఆ సీజనంతా బెంచీ మీదే. మరుసటి ఏడు మన తెలుగు టైటాన్స్ అంతకన్నా ఎక్కువ పెట్టి కొన్నారు. పైగా స్పోర్ట్స్ కోటా ఉంది. 2024 ఆంధ్ర క్రీడా పాలసీలో ప్రభుత్వ ఉద్యోగాలకు దాన్ని మూడు శాతం చేశారు. పేదింటి పిల్లకు అది చిన్న విషయమా?

తోతాపురి:
మోకాలికి ఆపరేషన్ ఉంది మామా. ఉన్న ఒక్క కిడ్నీ పోతే డయాలసిస్, లేదంటే మార్పిడి, అంతే. పోలిక కుదరదు.

పాతకాపు:
సరే, అది ఒప్పుకుంటా.

కానీ ఒకటి చెప్తా. నేను పదకొండేళ్లు రైడర్‌గా ఆడాను. భుజం జారింది, రెండు వేళ్లు వంకరయ్యాయి, చీలమండ ఇప్పటికీ చలికాలంలో పీకుతుంది. నడుం పక్కన గట్టి దెబ్బ ఒక్కసారే తగిలింది. బోనస్ కోసం కాలు చాచి వెనక్కి తిరుగుతుంటే పక్కనుంచి డ్యాష్ కొట్టారు, అంటే ఒంటితో గట్టిగా గుద్దారు, కింద పడ్డాక ఒకడి మోకాలు డొక్కలో దిగింది. రెండు రోజులు వంగలేకపోయాను. కాబట్టి ప్రమాదం లేదని అనను. పాప రైడర్ కాదు, కార్నర్. పట్టుకునేది కాళ్లే కదా. యాంకిల్ హోల్డ్ వేసేవాళ్లకు మొహం మీద, భుజం మీద తగులుతాయి, డొక్కకు తక్కువ.

పాకాల సిస్టర్:
నేను డయాలసిస్ యూనిట్‌లో స్టాఫ్ నర్సుని. ఇద్దరూ ఒకే వైపు చూస్తున్నారు.

ముందు దెబ్బ సంగతి. బయటి దెబ్బకు కిడ్నీ చిట్లి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రోడ్డు యాక్సిడెంట్ కేసులే. పూతలపట్టు నుంచి చిత్తూరుకు రోజూ హైవే మీద స్కూటీలో పోయే పిల్లను ఎవరూ ఆపరు, మ్యాట్ ఎక్కితే మాత్రం అందరికీ భయం. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఒక్క కిడ్నీ ఉన్నవాళ్లను ఇలాంటి ఆటల నుంచి గంపగుత్తగా నిషేధించలేదు. ఒక్కొక్కరినీ విడిగా చూసి తేల్చమంటుంది. కిడ్నీ ఎక్కడుందో అడిగారా? వెనక పక్కటెముకల కింద ఉంటే కొంత రక్షణ. కొందరికి కిందికి, కటి దగ్గర ఉంటుంది, అక్కడ ఎముకల అడ్డం ఉండదు. స్కాన్ రిపోర్టులో రాసుంటుంది, చదవండి.

ఇప్పుడు మీరెవరూ మాట్లాడనిది. జూనియర్ అమ్మాయిలకు బరువు పరిమితి 65 కిలోలు. మీ పాప ఎంత?

పూతలపట్టు నాన్న:
67 అమ్మా. సెలక్షన్లకు ముందు తగ్గిస్తుంది, ఎప్పుడూ అంతే.

పాకాల సిస్టర్:
ఎలా తగ్గిస్తుందో మీకు తెలుసా? రెండు రోజులు నీళ్లు తాగరు. స్వెటర్ వేసుకుని ఎండలో పరిగెత్తుతారు. కాటా దిగగానే మ్యాచ్. అందులో నొప్పి ఉంటే డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర ఒకటి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం తగ్గుతుంది, ఆ మాత్ర దాన్ని ఇంకా తగ్గిస్తుంది. రెండు కిడ్నీలున్న కుర్రాళ్లు కూడా ఇలా అడ్మిట్ అయ్యారు, కళ్లారా చూశాను. మీరు డొక్కలో తగిలే దెబ్బకు భయపడుతున్నారు, నాకు ఆ మాత్రే భయం.

తోతాపురి:
అయితే మీరు ఆడమంటున్నారా, వద్దంటున్నారా?

పాకాల సిస్టర్:
మా అమ్మాయే అయితే 65లో ఆడనివ్వను. సీనియర్ మహిళలకు పరిమితి 75. బరువు దించే పని లేకుండా అక్కడ ఆడమంటాను, రెండేళ్లు ఆలస్యమైనా. నొప్పి మాత్రలు పూర్తిగా బంద్, అవసరమైతే డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. ఏడాదికోసారి పరీక్షలు. దెబ్బ తగిలాక మూత్రం ఎర్రగా వచ్చినా, డొక్కలో నొప్పి వచ్చినా ఇంటికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

పాతకాపు:
సీనియర్లలో 75 కిలోల ఆడవాళ్లతో 67 కిలోల పిల్ల! డ్యాష్ బలం మామూలుగా ఉండదమ్మా. అదీ ఆలోచించండి. ఇంకో మాట. నాన్నా, ఫారంలో కిడ్నీ సంగతి రాస్తారా, దాస్తారా?

పూతలపట్టు నాన్న:
నిజం చెప్తున్నా, రాయకూడదనే అనుకున్నాను. రాస్తే తీసుకోరని భయం.

తోతాపురి:
కోచ్‌కి తెలియకపోతే పాప మ్యాట్ మీద పడిపోయినప్పుడు నొప్పి స్ప్రే కొట్టి మళ్లీ దించుతాడు. దాయాలంటే అసలు పంపొద్దు. ఈ ఒక్క విషయంలో నేనూ మామా ఒకే పార్టీ.

పాతకాపు:
అవును. నేను కోచింగ్ ఇచ్చినప్పుడు ఒకడు మూర్ఛ జబ్బు దాచాడు. గ్రౌండ్‌లో పడ్డాక తెలిసింది. ఆ పది నిమిషాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

పూతలపట్టు నాన్న (మరుసటి రోజు):
రాత్రి పాపతో కూర్చున్నాను. రిపోర్టు చదివాం, కిడ్నీ ఎడమవైపు మామూలు చోటే ఉంది. అది చూసి పాప ముఖం వెలిగింది. తర్వాత మాత్రల సంగతి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. లేచి వెళ్లి కిట్ బ్యాగులో మోకాలి ప్యాడ్ లోపలి నుంచి స్ట్రిప్ తీసి నా చేతిలో పెట్టింది. పదికి ఏడు ఖాళీ. పోయిన టోర్నమెంట్‌లో సీనియర్ అక్క ఇచ్చిందట, అందరూ వేసుకుంటారట. మొన్నటి కడుపునొప్పి రోజు కూడా వేసుకుందట.

వాళ్ల అవ్వ మాత్రం కాణిపాకం మానలేదు. ప్రమాణం మాటలు మార్చమన్నాను: ఆడనని కాదు, మాత్ర మింగనని.

పాకాల సిస్టర్:
ఏడు మాత్రలు ఎన్ని రోజుల్లో? క్రియాటినిన్ పరీక్ష వాటికి ముందు చేయించిందా, తర్వాతా?

పూతలపట్టు నాన్న:
ముందు నాలుగు, తర్వాత మూడు. సోమవారం మళ్లీ చేయిస్తున్నాం. కోచ్‌ను కూడా తిరుపతికి రమ్మన్నాను, డాక్టరు చెప్పేది ఆయనా వినాలని. ఫారం ఇంకా టీవీ పక్కనే ఉంది.