కర్నూలులో మన ప్రాంతపు జీవులను ఎక్కడ చూడవచ్చు?

ప్రశ్న – బి క్యాంపు నివాసి

ఉద్యోగ బదిలీ మీద ఈ ఏడాదే కర్నూలుకు వచ్చాము. మా అమ్మాయి ఏడవ తరగతి చదువుతోంది. దానికి పిట్టలన్నా పురుగులన్నా ప్రాణం. గోదావరి జిల్లాలో ఉన్నంత కాలం ఇంటి వెనుక కాలువగట్టు ఎక్కితే చాలు, ఏదో ఒకటి కనిపించేది. ఇక్కడ ఎవరిని అడిగినా "రాళ్లు, ఎండ తప్ప ఏముంది సార్, జంతువులను చూడాలంటే రోళ్లపాడు పోండి" అంటున్నారు. మా వీధి పార్కులో నీళ్లు పట్టిన గడ్డి, క్రోటన్లు, వరుసగా కోనోకార్పస్ మొక్కలు ఉన్నాయి గాని, వాటి మీద పిట్ట వాలగా చూసింది తక్కువ. ఆదివారం పొద్దున్నే బయలుదేరి, ఎండ ముదరకముందే ఇల్లు చేరగలిగే చోట్లేవైనా ఉంటే, ఏ కాలంలో ఏమి కనిపిస్తాయో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు – విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు

అయ్యా, ముందుగా పచ్చదనాన్ని వెతకడం మానండి. ఏడాదికి సుమారు 670 మిల్లీమీటర్ల వాన, అదీ ఎక్కువగా జూన్ నుంచి అక్టోబరు లోపలే పడే ఈ నేలకు సహజమైన రూపం గడ్డి, ముళ్లపొదలు, బండరాళ్లు; వానాకాలం పోయిందంటే అవి గోధుమరంగుకు తిరుగుతాయి. ఇక్కడి జీవులు ఆ రంగుకే అలవాటుపడ్డాయి. అందుకే ఏడాది పొడవునా నీళ్లు పట్టే పార్కులో కనిపించనివి, జనం బీడు అని తీసిపారేసే చోట కనిపిస్తాయి.

మీకు దగ్గరలో జగన్నాథగట్టు ఉంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా తరలించి తెచ్చిన రూపాల సంగమేశ్వరాలయాన్ని చూడటానికి అందరూ వెళతారు గాని, చుట్టూ ఉన్న బండలను, పొదలను ఎవరూ పట్టించుకోరు. తంగేడు, రేగు, బలుసు, కలివి పొదల మధ్య నెమ్మదిగా నడిస్తే కౌజుపిట్టల అరుపు వినిపిస్తుంది. వానలు మొదలయ్యాక బండల మీద తిరిగే మగ తొండను తప్పక చూపించండి. మిగతా రోజుల్లో రాతిరంగులో కలిసిపోయే ఆ ప్రాణికి, జతకట్టే కాలంలో వీపు ఎర్రబడి, పక్కలు నల్లబడతాయి. ఎండాకాలంలో గులకనేల మీద తీతువు గుడ్లు పెడుతుంది. గూడంటూ ఏమీ ఉండదు, చిన్న గుంట, చుట్టూ నాలుగు రాళ్లు, అంతే. మట్టిరంగు మీద నల్లమచ్చలున్న ఆ గుడ్లు పక్కనే నిలబడ్డా కంటికి ఆనవు. తల్లి అరుస్తూ మీ నెత్తి మీద తిరగడం మొదలుపెడితే అక్కడి నుంచి వెంటనే వెనక్కి రావాలి.

పురుగులంటే ఇష్టమన్నారు కనుక, ఆరుద్ర కార్తెలో మంచి వాన పడిన మరునాడు అమ్మాయిని ఏదైనా దున్నని చేను గట్టుకు తీసుకెళ్లండి. ఎర్ర ముఖమల్ ముక్కల్లా ఆరుద్ర పురుగులు నేల మీద పాకుతుంటాయి. కాళ్లు లెక్కపెట్టమనండి, ఎనిమిది తేలతాయి, అంటే అవి సాలీళ్లకు చుట్టాలు.

జవాబు – కాలువగట్టు పాఠకుడు

మాస్టారు గారి మాటను చాలా వరకు ఒప్పుకుంటాను గాని, నీటి ఒడ్డును వదిలేయడం సబబు కాదు. తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు మనది. సుంకేసుల నుంచి వచ్చే కె.సి. (కర్నూలు–కడప) కాలువ కూడా ఊరి గుండానే పోతుంది. కాలువలో నీళ్లు ఉన్న నెలల్లో గట్టు మీది తీగలపై లకుముకి పిట్టలు, పసిరికలు కూర్చుంటాయి. పసిరిక తేనెటీగను పట్టగానే మింగదు. తీగకేసి అటూ ఇటూ కొట్టి, రుద్ది, కొండి విషం వదిలించాకే తింటుంది. ఐదు నిమిషాలు ఓపిక పడితే ఈ పని కళ్లారా చూడవచ్చు.

ఊరి మధ్య హంద్రీలో పారేది ఎక్కువగా మురుగే. అయినా ఆ బురదలోనే ఎర్రటి పొడుగాటి కాళ్లున్న నలుపు తెలుపు పిట్టలు గుంపులుగా మేస్తుంటాయి. అలాగని పిల్లను ఆ నీటిలోకి దిగనివ్వకండి. నందికొట్కూరు రోడ్డులో గార్గేయపురం చెరువు ఉంది. డిసెంబరు, జనవరి నెలల్లో వలస బాతుల కోసం అక్కడికి పొద్దున్నే వెళ్లాలి. చూసిన పిట్టలన్నిటినీ తేదీతో సహా ఈబర్డ్‌ అనే పక్షుల నమోదు వెబ్‌సైటులో నమోదు చేయించండి, మన జిల్లాల నుంచి అందులో చేరే వివరాలు తక్కువ.

జవాబు – నందికొట్కూరు వాసి

రోళ్లపాడు గురించి ఒక మాట. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పడిన ఈ అభయారణ్యం విస్తీర్ణం 614 హెక్టార్లు. ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది. చుట్టుపక్కల పొలాలకు సాగునీరు వచ్చి, జొన్న, కొర్ర లాంటి మెట్టపంటల స్థానంలో వేరే పంటలు చేరాక, మేతకు బయటి చేలను కూడా నమ్ముకున్న ఆ పెద్ద పక్షికి చోటు తగ్గిపోయింది. పైగా అది ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డే పెడుతుంది, అదీ నేల మీద. కనుక బట్టమేకను చూపిస్తానని అమ్మాయికి మాట ఇవ్వకండి. కృష్ణజింకల మందలు మాత్రం కనిపిస్తాయి. అదృష్టం బాగుంటే తోడేలు, గుంటనక్క కూడా. శీతాకాలంలో, అటవీశాఖ వారి అనుమతి తీసుకుని, పూర్తి రోజు కేటాయించుకుని వెళ్లండి.

బి క్యాంపు నివాసి

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం జగన్నాథగట్టుతో మొదలుపెడతాము. ఒక సందేహం: ఊరి చుట్టూ ఎక్కడ చూసినా తుమ్మ పొదలే ఉన్నాయి. ఇవన్నీ మన నేలవేనా?

విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు

అధిక భాగం కావు. మీరు చూసేది సర్కారు తుమ్మ. అమెరికా ఖండానికి చెందిన ఈ చెట్టు విత్తనాలను వంటచెరకు కోసం తెప్పించి, 1870ల చివర మన పక్కనే ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఇప్పుడది గడ్డినేలలను కమ్మేస్తోంది. నేల మీద గుడ్లు పెట్టే పిట్టలకు దాని కింద చోటు మిగలదు. మేకలు, పశువులు తీయటి కాయలు తిని గింజలను ఊరంతా చల్లుతాయి. మన నల్లతుమ్మను పోల్చుకోవడం తేలిక: పూలు గుండ్రటి పసుపు బంతుల్లా ఉంటాయి, కాయ గింజ గింజకూ మధ్య నొక్కుకుపోయి పూసల దండలా కనిపిస్తుంది. సర్కారు తుమ్మకు పూలు సన్నటి లేతపసుపు కంకులుగా వేలాడతాయి, కాయ నొక్కులు లేకుండా చిక్కుడులా సాగి ఉంటుంది. ఆకులను బట్టి తేల్చుకోవాలని చూడకండి, తికమక పడతారు. పూత వచ్చినప్పుడు రెండు కొమ్మలను పక్కపక్కన పెట్టి అమ్మాయినే చెప్పమనండి.