‘లేసు అల్లుకుంటాను’: ఈ ‘కొను’ని సర్వేలో ఎలా రాయాలి?

నరసాపురం నుంచి ప్రశ్న: ఇక్కడ లేసు అల్లే ఆడవాళ్లని “ఏం పని చేస్తారమ్మా?” అంటే “పనేముందండీ, ఇంట్లోనే ఉంటాను. ఖాళీగా ఉన్నప్పుడు లేసు అల్లుకుంటాను” అంటారు. సర్వేకి వచ్చినవాళ్లు గృహిణి అని రాసుకుపోతారు. ఈ “అల్లుకుంటాను” (అల్లు + కొను)లో ఉన్న “కొను”కి తనకోసం అనేనా అర్థం?

వ్యాకరణం తెలిసినవారు: “వండుకుంది” అంటే తనకోసం వండింది, నిజమే. కానీ “ఆయన వ్యవసాయం చేసుకుంటున్నాడు” అన్నప్పుడు పండిన వడ్లన్నీ ఇంట్లోకే అని ఎవరూ అనుకోరు. అక్కడ “కొను” బతుకుతెరువుని చెబుతుంది. రెండుచోట్లా ఉన్నది ఒకే “కొను”. మగవాడు చేసుకుంటే వృత్తి, ఆడమనిషి అల్లుకుంటే కాలక్షేపం. ఈ తేడా వినేవాళ్ల దగ్గర వస్తోంది.

అర్థశాస్త్రం వైపు నుంచి: ఆ వినడమే అంకెల్లోకి ఎక్కుతుంది. జాతీయ నమూనా సర్వేలో ఇంటిపని మాత్రమే చేసేవాళ్లకి కోడ్ 92. దానితోపాటు ఇంటి వాడకానికి కుట్టుపని, నేత లాంటివి చేస్తే 93. రెండూ శ్రామికుల లెక్కలోకి రావు. లేసు పోయేది ఏజెంటు చేతికి, కాబట్టి 93 వెయ్యకూడదు. ముక్కకి ఇంత అని ఇంట్లో చేసేది స్వయం ఉపాధి, కోడ్ 11. ఏడాదిలో 30 రోజులు చేసినా అనుబంధ వృత్తి (ముఖ్యమైన పనితోపాటు పక్కన చేసేది) గడిలో పడాలి.

సామాజికశాస్త్రం వైపు నుంచి: జర్మన్ సామాజికశాస్త్రవేత్త మరియా మీస్ నరసాపురం లేసు మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజుకి 6 నుంచి 8 గంటలు అల్లేవాళ్లని కూడా గృహిణులుగానే చూడటం వల్ల కూలి అంత తక్కువలో ఆగిపోయిందని ఆవిడ వాదన. దాన్నే గృహిణీకరణ అంటున్నాం. అయితే కులాన్ని వదిలేస్తే మీ “కొను” సగమే అర్థమవుతుంది. పొలానికి పోకుండా ఇంటిపట్టున ఉండటం కాపు కుటుంబాల్లో పరువు. ఊడ్పులకి వెళ్లే దళిత స్త్రీకి “ఇంట్లోనే ఉంటాను” అనే వీలే లేదు.

పాలకొల్లు నుంచి: అందుకే “పని చేస్తారా?” అని అడక్కండి. దారం ఎవరిచ్చారు, తూకం వేసి ఇచ్చారా? పువ్వులు అల్లే చేతిపనా, వాటిని కలిపే అతుకుపనా? సరుకు ఎవరు పట్టుకెళ్లారు? డబ్బు దేని లెక్కన? మాసిందనో తూకం తగ్గిందనో ఎంత కోశారు? “రోజుకి ఎన్ని గంటలు?” అన్నా లాభం లేదు, అన్నం ఉడుకుతుండగా అల్లింది అందులో చెప్పరు. కాలవినియోగ సర్వేలోలాగా తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా అరగంట అరగంటకీ అడగాలి. ప్రతిదానికీ “అప్పుడు చేతిలో ఇంకేముంది?” అని కూడా.

నరసాపురం: అయితే రెండు గడులు పెడతానండీ. ఒకదాంట్లో ఆవిడ మాట, “అల్లుకుంటాను”తో సహా ఉన్నదున్నట్టు. రెండోదాంట్లో దారం, సరుకు, లెక్క చూసి వేసే కోడ్.

సామాజికశాస్త్రం వైపు నుంచి: రెండోది నింపాక ఆవిడకి చదివి వినిపించండి. కాదంటే, ఎందుకు కాదందో ఆ పక్కనే రాయండి.