కాకతీయుల నాటి పిల్లల కథలో మిరపకాయ ఉండవచ్చా?

ప్రశ్న: రుద్రమదేవి నాటి ఓరుగల్లు నేపథ్యంగా పదేళ్ల పిల్లల కోసం నవలిక రాస్తున్నాను. కోటగోడకు రాళ్లు మోసే తల్లి పక్కన కూర్చున్న పాప, జొన్న సంకటిలో ఎండుమిర్చి కారం నంజుకుంటున్నట్టు రాశాను. ఇంత చిన్న వివరాన్ని కూడా సరిచూసుకోవాలంటారా?

జవాబు 1: తప్పకుండా సరిచూసుకోవాలండీ. మిరప మన దేశానికి పోర్చుగీసువారితో 16వ శతాబ్దంలో వచ్చింది కాబట్టి, ఆ పాప ముద్దకు మిరియాలు దంచి వేసిన చింతపండు పులుసు తోడుండాలి. పిల్లలు చదివినదాన్ని చదివినట్టే నమ్ముతారు.

జవాబు 2: ఊహకు చోటు వేరే ఉంది. 1289 నాటి చందుపట్ల శాసనం రాణి శివలోక ప్రాప్తిని ప్రస్తావించిందే గాని, ఆమె ఎలా మరణించారో చెప్పదు. మీ కథను ఆ మౌనంలో నడిపించండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. ఈ రాత్రే ఆ పుట మారుస్తాను. శాసనం చెక్కిన శిల్పిని పాపకు మేనమామను చేస్తాను.